గుర్తు లేని బనీన్లు

ఆ ఏడాది వానలూ, సైన్యం లారీ ఒకే వారంలో మా వీధిలోకి దిగబడ్డాయి. వానలతో మాది పాత పగ. లాండ్రీ నడుపుకునే ఇంట్లో వానాకాలమంటే ఉతికింది ఆరదు, ఆరినా ముక్కవాసన పోదు, రేపిస్తామన్నది ఎల్లుండికి కూడా ఇవ్వలేం. ఆ కాలమంతా నాన్న ఆకాశాన్ని తిట్టని తిట్టు ఉండేది కాదు. లారీ మాత్రం కొత్త చుట్టం. దాని డ్రైవరు వెనక తలుపు తీసి, బురదోడుతున్న మూటల్ని మా గుమ్మంలోకి దొర్లించి, నోట్లో సిగరెట్టు తియ్యకుండానే చెప్పాల్సింది చెప్పేశాడు. ఉతకాలి, చిరుగులు కుట్టాలి, ఇస్త్రీ చేసి కట్టలు కట్టాలి, తూచి ఇస్తున్నారు కాబట్టి తూచి పట్టుకెళ్తారు. అతడి నోట్లోంచి మాట కంటే పొగే ఎక్కువ వచ్చేది కాబట్టి వదిన అతడికి పొగగొట్టం అని పేరు పెట్టింది. అసలు పేరు మేమెవరం అడగలేదు.

నాన్న ఆ మూటల్ని చూసి సంబరపడ్డాడనే చెప్పాలి. యుద్ధం మొదలయ్యాక ఊళ్లో ఇస్త్రీ చొక్కా తొడుక్కునే వయసు మగవాళ్లు కనబడటం మానేశారు. మిగిలిన ముసలివాళ్లు మడత నలిగితే నలిగిందిలే అనే దశకి వచ్చేశారు. బాయిలరుకి బొగ్గు పుట్టడం లేదు. సైన్యం వాళ్లు కూలి కింద బొగ్గే ఇస్తామన్నారు. గుడ్డిలో మెల్ల అని నాన్న చేతులు రుద్దుకున్నాడు. కొంప ముంచిన యుద్ధమే ఇప్పుడు మన పొయ్యి వెలిగిస్తోంది అని ఏదో హాస్యం ఆడబోయాడు. అమ్మ చూసిన చూపుకి మిగతా మాటలు మింగేసి, మూటలు విప్పడంలో పడ్డాడు.

కొంప ముంచడమంటే అన్నయ్య సంగతి. ఎండలు ముదరకముందే వాడికి సైన్యం నుంచి పిలుపొచ్చింది. గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత మనిషి. తడిసిన దుప్పట్ల గంపని వదినా నేనూ కలిసి ఈడుస్తుంటే, తను వచ్చి ఒంటిచేత్తో ఎత్తి ఆరేసే గదిలో పడేసి, "మీరేం తింటున్నారే" అని వెక్కిరించి వెళ్లేవాడు. పెళ్లయి అప్పటికి ఏడాది తిరగలేదు. మొదట్లో ఎవరో ఒకరి చేత బాగున్నానని కబురు పంపేవాడు. తర్వాత కబుర్లు ఆగిపోయాయి. నాన్న సైన్యం ఆఫీసుకి వెళ్లి, గుమ్మంలో నిలబడి, పంపిన చోటికల్లా తిరిగి, చివరికి ఒక ముక్క పట్టుకొచ్చాడు. ఆచూకీ తెలియడం లేదు అన్నారట.

ఆ మాట విని వదిన గోడకి ఆనుకుని జారిపోయింది. అమ్మ మాత్రం పిండుతున్న దుప్పటి కింద పెట్టలేదు.

"తెలియడం లేదంటే తెలియడం లేదనే. పోయాడని కాదు. ఈ ఇంట్లో ఎవరూ ఏడవడానికి వీల్లేదు. బతికున్నవాణ్ణి మన ఏడుపుతో మనమే చంపుకుంటామా?" అంది.

అంతే. అమ్మ మాటంటే మా ఇంట్లో మూతపెట్టిన బాయిలరు. దాన్ని తెరిచే ధైర్యం ఎవరికీ లేదు. వదిన లేచి, ముఖం కడుక్కుని, ఇస్త్రీబల్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరి కంట్లోంచీ చుక్క రాలేదు. కళ్లు ఎర్రబడితే బట్టల సోడా ఆవిరి అనేవాళ్లం. మా ఇంట్లో ఆవిరికేం కరువు లేదు.

మొదటి మూటల్లో బురదే ఎక్కువ. రెండు మూడు తొట్ల నీళ్లు మారిస్తే గానీ అసలు రంగు బయటపడేది కాదు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు, తొక్కినవాళ్లు ఒకళ్లు, కడిగేవాళ్లం మేమూ అని నాన్న సణిగేవాడు. బురద పోయాక మరకలు కనిపించాయి. మరకలు వదిలాక చిల్లులు కనిపించాయి. ముందొకటి, సరిగ్గా దాని వెనకొకటి. వదిన సూదిలో దారం ఎక్కించుకుని ఒక చొక్కాని ఒళ్లో వేసుకుని, ముందు చిల్లులోంచి వేలు పెట్టింది. వేలు వెనక నుంచి బయటికి వచ్చింది. ఆమె ఆ వేలి వైపే చూస్తూ ఉండిపోయింది. అమ్మ వచ్చి ఆ చొక్కా లాక్కుని, లోపలి వైపు అతుకు వేయాలని చూపించి, తిరిగి ఆమె ఒళ్లోనే పడేసింది.

ఇవన్నీ కుట్టించి ఏం చేసుకుంటారని నేను పొగగొట్టాన్ని అడిగాను. కొత్తగా చేరినవాళ్లకి తొడుగుతారన్నాడు. సిగరెట్టు పారేసి, కాలితో నలిపి, "అతుకు లోపలి వైపే వెయ్యండమ్మా. పైకి కనబడితే పిల్లలు భయపడతన్నారు" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. మూటలు దింపేటప్పుడు మా కళ్లలోకి చూసేవాడు కాదు, అంతే.

ఆ రోజు భోజనాల దగ్గర అమ్మా నాన్నలకి గొడవైంది. ఈ పని మనకొద్దని అమ్మ, మనం మానేస్తే ఇంకొకళ్లు చేస్తారని నాన్న. బొగ్గు లేకపోతే బాయిలరు ఆగుతుంది, బాయిలరు ఆగితే వాడొచ్చే నాటికి చేతికివ్వడానికి ఏం మిగులుతుందన్నాడు. వాడొచ్చే నాటికి అన్నాడు కాబట్టి అమ్మ ఒప్పుకుంది.

ఇక్కడ మా పని సంగతి కాస్త చెప్పాలి. ఏ లాండ్రీకి ఆ లాండ్రీ గుర్తు ఉంటుంది. కాలరు లోపలో, అంచు మడతలోనో చెరగని నల్లసిరాతో గీతలూ చుక్కలూ వేస్తాం. ఎవరి బట్ట ఎవరికి వెళ్లాలో ఆ గుర్తే చెబుతుంది. మా సొంత బట్టలకి మాత్రం ఏ గుర్తూ వెయ్యం. ఊరందరి బట్టలూ ఒక తొట్టిలో కలిశాక, చివరికి గుర్తు లేకుండా మిగిలేదే మాది. అన్నయ్య వెళ్లేటప్పుడు, పరాయిచోట పోతాయి, వాడి బనీన్ల మీద ఏదో ఒక గుర్తు పడెయ్యండని అమ్మ పోరింది. నాన్న ససేమిరా అన్నాడు. గుర్తు వేసేది ఒకళ్లకి ఇచ్చెయ్యాల్సిన బట్టకి, ఇంటి బట్టకి కాదు అన్నాడు.

సైన్యం మూటల్లో చొక్కాలకీ ప్యాంట్లకీ సర్కారు ముద్రలుండేవి. లోపలి బనీన్లు మాత్రం ఎవరివి వాళ్లు ఇంటినుంచి తెచ్చుకున్నవి. నాన్న వాటి గుర్తులు చదివి ఇది ఫలానా ఊరి లాండ్రీ, ఇది ఫలానా వీధి వాళ్లది అని పోల్చేవాడు. అయితే లాండ్రీలో బట్టలు వేసే స్తోమత ఉన్నవాళ్లు యుద్ధానికి అంతగా వెళ్లరన్న సంగతి నాకు ఆ తొట్టి దగ్గరే తెలిసింది. సగానికి పైగా బనీన్ల మీద ఏ గుర్తూ లేదు. వాళ్లమ్మలో పెళ్లాలో ఇంట్లో ఉతికినవి.

ఒక మధ్యాహ్నం నాన్న నానబెట్టే గదిలోంచి పని మధ్యలో బయటికొచ్చాడు. మోచేతుల దాకా నురగ. వసారాలో పీట మీద కూర్చుని, చేతులు తుడుచుకోకుండా వానని చూస్తూ ఉండిపోయాడు. ఒంట్లో బాగాలేదా అని అడిగితే, సోడా ఘాటు గుండెల్లో పట్టిందన్నాడు. చిన్నప్పటి నుంచి ఆ ఘాటులోనే పెరిగిన మనిషి. నేను నమ్మలేదు గానీ, రెట్టించి అడగలేదు. కాసేపటికి లేచి, మళ్లీ లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

మర్నాటి నుంచి నాన్నకి కొత్త పిచ్చి పట్టింది. గుర్తు లేని బనీను ఏది దొరికినా పక్కకి తీసేసేవాడు. వాటిని మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. తనే ఉతికి, తనే పిండి, ఆరేసే గదిలో బాయిలరు గొట్టం పక్కన తనే ఆరేసి, తనే మడతపెట్టి అటక మీద పేర్చేవాడు. చిరుగులుంటే చిరుగులతోనే. వాటికి మా సూది తగలలేదు. ఇదేం పని అని అమ్మ నిలదీస్తే, "గుర్తు లేనివి మనవే కదా" అన్నాడు. హాస్యమనుకుని నవ్వబోయాను. ఆయన ముఖం చూశాక నవ్వు రాలేదు.

"అవన్నీ మనవెలా అవుతాయండీ?" అంది అమ్మ.

"ఏది కాదో చెప్పు. దాన్ని తిరిగిచ్చేస్తాను," అన్నాడు నాన్న.

నాకూ, వదినకీ ఆయనకి మతి చలించిందనే అనిపించింది. తూకం మాటేమిటని నేను భయపడ్డాను. దానికి మాత్రం ఆయన మతి చక్కగా పనిచేసింది. బురదతో తూచి ఇచ్చినప్పుడు ఆ బురద ఎంతో సైన్యానికి తెలుసా, దేవుడికి తెలుసా. తక్కువొచ్చిన బరువంతా బురద ఖాతాలో పోయేది. పొగగొట్టం కట్టల్ని తూస్తూ, ఈసారి బురద ఎక్కువున్నట్టుందే అనేవాడు. వానలండీ అనేవాడు నాన్న. ఇద్దరూ అబద్ధమని తెలిసిన మాటనే మర్యాదగా ఇచ్చిపుచ్చుకునేవాళ్లు.

ఇలాంటివి దాగవు. గోడలకి చెవులుంటే వీధికి నోళ్లుంటాయి. ఎలా పొక్కిందో గానీ, ఒక రోజు పక్క వీధి నుంచి ఒకావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. చంకలో బిడ్డ. మా ఆయన బనీన్లు నేనే కుట్టేదాన్ని, చూస్తే పోలుస్తాను, ఒక్కసారి చూసుకోనివ్వండి అంది. నాన్న కుదరదన్నాడు. సర్కారు సొత్తు, మా మీదకి వస్తుందన్నాడు. నిన్నటిదాకా మనవే అన్న మనిషి, ఒక్కసారిగా సర్కారు సొత్తు అనేసరికి నేను విస్తుపోయాను.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "చూడనివ్వండి. మన ఇంట్లో మూట విప్పుకుని మనం వెతుక్కుంటున్నాం. వాళ్లెక్కడ వెతుక్కుంటారు?" అంది.

నాన్న అమ్మ ముఖంలోకి చూశాడు. నిచ్చెన వేసుకుని అటకెక్కి, ఆ కట్టలన్నీ ఒక్కొక్కటిగా దించాడు. అంత నెమ్మదిగా ఆయన పని చేయడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత వాన తెరిపిచ్చినప్పుడల్లా ఆడవాళ్లు రావడం మొదలైంది. ఇస్త్రీబల్ల మీద కట్టలు విప్పి పెట్టేవాళ్లం. ఒక్కొక్కరు ఒక్కో తీరున వెతికేవాళ్లు. ఒకళ్లు కుట్లు చూసేవాళ్లు, ఒకళ్లు గుండీలు, ఒకావిడయితే ఉతికిన బనీన్లని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. మా సోడా వాసన తప్ప ఏం ఉంటుంది పాపం. దొరకనివాళ్లు వెళ్లేటప్పుడు తేలికపడి, అంతలోనే అలా తేలికపడినందుకు సిగ్గుపడేవాళ్లు. దొరికినవాళ్లు మా ఇంట్లో ఏడవలేదు. అమ్మ ముఖం చూస్తే ఎవరికీ ఏడుపు వచ్చేది కాదు. వీధి మలుపు తిరిగాక ఏడ్చేవాళ్లు. మాకు వినిపించేది.

నాన్న మాత్రం కట్టలు విప్పినంతసేపూ బల్ల పక్కనుంచి కదిలేవాడు కాదు. ఒక కట్ట ఎప్పుడూ అడుగున ఉండేలా చూసుకునేవాడు. అది ఎందుకో నాకు తర్వాత అర్థమైంది.

చీపుర్ల అవ్వ వచ్చిన రోజు జల్లు పడుతోంది. మా పెరటి వెనక సందులో ఉండేది. చీపుర్లు కట్టి అమ్ముకునే మనిషి. కళ్లకి పొరలు కమ్మి, మనుషుల్ని గొంతుతో, వస్తువుల్ని చేత్తో పోల్చుకునేది. ఒక్కడే కొడుకు. పీలగా, పుల్లలా ఉండేవాడు. చీపురు పుల్లల కట్టల్ని చంకలో ఇరికించుకుని మోసీ మోసీ, ఏ చొక్కా తొడిగినా చంక కింద చిరిగేది. అవ్వ ఆ చిరుగు కుట్టేది, వాడు మళ్లీ చింపేవాడు. ఇది ఆ సందంతా ఎరిగిన భాగోతం. వాడి కబురూ చాన్నాళ్లుగా లేదు.

అవ్వ బల్ల ముందు కూర్చుని ఒక్కొక్క బనీనూ ఒళ్లో వేసుకుని చంక కింద తడుముతూ పోయింది. పైనున్న కట్టలు అయిపోయాయి. ఇక లేవులే అవ్వా అన్నాడు నాన్న. ఇక్కడింకో కట్ట చేతికి తగులుతోందే అని ఆమె అడుగు కట్టని లాక్కుంది. నాన్న చెయ్యి ముందుకు వెళ్లి, గాల్లో ఆగి, వెనక్కి వచ్చింది.

ఆ కట్టలో మూడో బనీను మీద అవ్వ వేళ్లు ఆగిపోయాయి. ఎడమ చంక కింద పాత కుట్టు ఒకటి తగిలింది. దాన్ని రెండు మూడుసార్లు తడిమింది. తర్వాత చెయ్యి గుండె మీదకి జరిగి, అక్కడున్న చిల్లులోకి వేలు వెళ్లింది. నేను బల్లకి ఇవతలున్నాను. ఆ కుట్టు నాకు బాగా కనబడుతోంది. వదినది ఎడమచేతి వాటం. అందరి కుట్లూ ఒకవైపు వాలితే ఆమెవి రెండో వైపు వాలుతాయి. అటక మీదకి వెళ్లిన బనీన్లకి ఈ ఇంట్లో సూది తగలలేదు. అంటే ఆ కుట్టు అన్నయ్య యుద్ధానికి వెళ్లకముందు వదిన వేసింది. వేసినప్పుడు పక్కనే కూర్చుని దారం అందించింది నేనే.

వదిన కూడా చూసింది. ఆమె చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. దాన్ని జాగ్రత్తగా, చప్పుడు కాకుండా, పళ్లెం మీద నిలబెట్టింది.

"ఇది మావాడిదేనయ్యా. ఇది నా కుట్టే," అంది అవ్వ నాన్నతో.

నాన్న ఆమె వైపు చూడలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మ వైపు చూశాడు. ఆ చూపు చూశాక నాకంతా తెలిసిపోయింది. ఆ మధ్యాహ్నం నురగ చేతులతో ఎందుకు బయటికొచ్చాడో, ఒక్క బనీనుని దాచడానికి అన్ని బనీన్లు ఎందుకు పోగేశాడో తెలిసింది. ఇది మీది కాదవ్వా అంటే, మరెవరిది అని ఆమె అడుగుతుంది. దానికి జవాబు అమ్మ ముందు చెప్పాలి.

"తీసుకెళ్లవ్వా," అన్నాడు.

నాకు గట్టిగా అరవాలనిపించింది. అది మాది, దాన్ని ముట్టుకోకు అని ఆ ముసలిదాని చేతిలోంచి లాక్కోవాలనిపించింది. వదిన బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. అవ్వ చేతిలోంచి బనీను తీసుకుని, బల్ల మీద పరిచి, అరచేత్తో ముడతలు సరిచేసి, చేతులు లోపలికి మడిచి, చక్కగా మడతపెట్టింది. వాన తగలకుండా పాత దుప్పటి ముక్కలో చుట్టి అవ్వ చంకలో పెట్టింది. జాగ్రత్తగా వెళ్లండి, మెట్టు దగ్గర జారుతుంది అని చెప్పి, మళ్లీ ఇస్త్రీపెట్టె అందుకుంది. ఆ సాయంత్రం దాకా ఆమె ఇస్త్రీ చేస్తూనే ఉంది. ఒక్క మడత కూడా వంకర పోలేదు.

మేమెవరం దాని గురించి మాట్లాడుకోలేదు. భోజనాల దగ్గర ఉప్పు అందించమంటే అందించుకున్నాం. తెలిసినవాళ్లం ముగ్గురమని నేననుకున్నాను, అమ్మకి తెలియదనుకున్నాను. నాన్న అటక మీద మిగిలినవాటిని ఇక పట్టించుకోలేదు. పక్కకి తీయడమూ మానేశాడు. ఆడవాళ్లు వస్తే, నిచ్చెన అక్కడుంది చూసుకోండమ్మా అనేవాడు. వదిన మాటల్లోంచి "ఆయన వచ్చాక" అన్న ముక్క జారిపోయింది. అంతకుముందు రోజుకి పదిసార్లు వినబడే ముక్క. అది లేకపోవడం నాకు ఇంట్లో ఒక వస్తువు పోయినట్టే తెలిసేది.

అవ్వ మాత్రం ఏడ్చింది. ఆమెకి అడ్డు చెప్పేవాళ్లెవరున్నారు. రోజూ పొద్దున్నే, సందులో పని మొదలుకాకముందే, చూరు కింద కూర్చుని ఆ బనీను ఒళ్లో పెట్టుకుని రాగం తీసేది. మా నాయనా, నీకు కడుపునిండా పెట్టలేకపోయానే, నీ చిరుగులు కుట్టడానికే నా కళ్లు పోయాయే, ఆ చిల్లు మాత్రం నేనెట్లా కుట్టనురా అని. మొదట్లో అందరూ అయ్యో అన్నారు. కొన్నాళ్లకి విసుక్కున్నారు. ఎవరి ఇంట్లో లేదు ఈ బాధ, పొద్దున్నే ఈ శోకాలేమిటని సందులో ఇద్దరు ముగ్గురు ఆమె మీదకి గొడవకి వెళ్లారు.

మా అమ్మ పెరటి తలుపు తీసుకుని వానలోనే వెళ్లి వాళ్లని ఉతికి ఆరేసింది. ఆమె కొడుకు, ఆమె ఏడుపు, మీ సొమ్మేం పోయింది, వినలేకపోతే చెవుల్లో దూది పెట్టుకోండి అని. ఇంట్లో ఒక్క కన్నీటి చుక్క రాలనివ్వని మనిషి ఊరివాళ్ల ఏడుపు కోసం తగవుకి దిగిందేమిటని నేను ఆశ్చర్యపోయాను. ఆ తర్వాత గమనించాను. పొద్దున్నే అవ్వ గొంతు లేచే వేళకి అమ్మకి సరిగ్గా పెరటి కిటికీ దగ్గరే పనుండేది. గుడ్డలు పిండుతూనో, గంజి కలుపుతూనో నిలబడేది. కిటికీ రెక్క కాస్త తీసిపెట్టుకునేది. అవ్వ ఆగిపోయాక రెక్క మూసి ఇవతలికొచ్చేది. కళ్లు పొడిగానే ఉండేవి.

వానలు వెనకబట్టాక యుద్ధం కూడా ఆగిపోయింది. ఎవరు గెలిచారో నాకిప్పుడు చెప్పాలన్నా ఆలోచించి చెప్పాలి. లారీ ఆఖరిసారి వచ్చి కట్టలు పట్టుకెళ్లింది. పొగగొట్టం ఆ రోజు తూకం వెయ్యలేదు. నాన్న భుజం మీద చెయ్యి వేసి, దగ్గొచ్చినట్టు దగ్గి వెళ్లిపోయాడు. తర్వాత మగవాళ్లు ఒక్కొక్కరే తిరిగి రావడం మొదలుపెట్టారు. కర్రలతో వచ్చినవాళ్లు, కట్లతో వచ్చినవాళ్లు, ఏ గాయమూ లేకుండా వచ్చి మాట మరిచిపోయినవాళ్లు. ఒక మధ్యాహ్నం వెనక సందులో గోలగోలగా వినబడింది. చీపుర్ల అవ్వ కొడుకు వచ్చాడు. ఎక్కడో శత్రువుల ఆసుపత్రిలో పడి ఉన్నాడట. కాలు ఈడుస్తూ, మరింత పుల్లలా, కానీ ప్రాణాలతో వచ్చాడు. సందంతా నవ్వులూ ఏడుపులూ కలిసిపోయాయి. మేం నలుగురం చేతుల్లో పనులు పట్టుకుని వింటూ ఉండిపోయాం. మా ఇంట్లోంచి ఎవరూ చూడ్డానికి వెళ్లలేదు.

మర్నాడు అవ్వ మా గుమ్మంలోకి వచ్చింది. ముఖం కడిగిన గిన్నెలా వెలుగుతోంది. ఆ వెలుగుకి సిగ్గుపడుతున్నట్టు తల దించుకుని ఉంది. రెండు చేతుల మీదా ఆ బనీను, ఉతికి, మడతపెట్టి.

"మావాడొచ్చాడమ్మా," అంది.

"విన్నాం అవ్వా. చల్లగా ఉండనీ," అంది అమ్మ.

"ఇది వాడిది కాదంట. తొడుక్కుని చూపించాడు. మోకాళ్ల దాకా వచ్చింది. ఇందులో నువ్వూ పడతావే అని ఒకటే నవ్వు. నా కళ్లు ఎలాగూ పోయాయి, వేళ్లు కూడా మోసం చేశాయి. ఏ తల్లి బిడ్డదో పాపం. ఆమె వస్తే ఇవ్వండమ్మా."

నాన్న బాయిలరు వైపు తిరిగి, తెరవాల్సిన పని లేని మూతని తెరవసాగాడు. వదిన ఇస్త్రీబల్ల దగ్గర కదలకుండా నిలబడింది. ఎవరో ఒకరు వెళ్లి ఆ బనీను అందుకోవాలి. అందుకుని, సరే ఇస్తాంలే అవ్వా అని అటక మీద పడేస్తే చాలు, అంతా ఎప్పటిలాగే జరిగిపోతుంది. నేను అడుగు ముందుకు వేశాను.

అమ్మ నాకంటే ముందు వెళ్లింది. తడి చేతులు నడుముకి రెండువైపులా తుడుచుకుని, బనీను అందుకుంది. మడత విప్పింది. వెతుక్కోకుండా, తెలిసిన చోటికే వెళ్లినట్టు, బొటనవేలు ఎడమ చంక కింద కుట్టు మీదకి వెళ్లింది.

"ఎవరూ రారవ్వా. ఇది మాదే. మా అబ్బాయిది," అంది.

అవ్వకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడ కోసం చెయ్యి చాపింది. "తల్లీ, మరి ఆ రోజే చెప్పలేదేమమ్మా? నేను ఇన్నాళ్లూ దీన్ని పట్టుకుని…"

"చెప్పలేకపోయాం," అంది అమ్మ. "మీరు ఏడ్చింది వాడి కోసమే. మా ఇంట్లో ఎవరం ఏడవలేదు, నేను ఏడవనివ్వలేదు. మా వాడికోసం ఏడ్చింది మీరొక్కరే."

అవ్వ గుమ్మంలోనే కూలబడింది. అమ్మ కూడా ఆమె పక్కన, తడి నేల మీదే కూర్చుంది. బనీనుని ఒళ్లో పరుచుకుని తల ఎత్తి వదిన కోసం చూసింది. వదిన ఇస్త్రీపెట్టె వదిలేసి వచ్చి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. అమ్మ ఆమె తలని రెండు చేతులతో పట్టుకుని తన ఒళ్లోకి, ఆ బనీను మీదకి వంచుకుంది.

"ఇక ఏడువమ్మా," అంది.

బల్ల మీద ఇస్త్రీపెట్టె కింద ఎవరిదో చొక్కా మాడుతున్న వాసన వచ్చింది. నాన్న హయాంలో మా లాండ్రీలో అలా ఒక బట్ట మాడటం అదే మొదలు. ఎవరం లేవలేదు.